ఆ అబ్బాయి పెరోల్‌కి నేను అడ్డు చెప్పాలా?

మల్కాజ్‌గిరి వైపు ఒక కాలనీ నుంచి యాభై ఎనిమిదేళ్ల గృహిణి ఒకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు, కాలనీ పేరు వద్దన్నారు. అందులోని ముఖ్యమైన సంగతులు ఇవి.

2021 డిసెంబరు, ధనుర్మాసం. తెల్లవారకముందే గుడికి వెళ్లి వస్తుంటే బండి మీద ఇద్దరు కుర్రాళ్లు పక్కన ఆగారు. వెనకున్నవాడు దిగి, కత్తి చూపించి, మెళ్లో పుస్తెలతాడు లాగాడు. ఆవిడ వదల్లేదు. కత్తి కుడిచేతి మీద పడి రెండు వేళ్ల నరాలు తెగాయి. ఆపరేషన్ చేశారు గానీ ఆ వేళ్లు ఇప్పటికీ సరిగా ముడుచుకోవు. చపాతీ పిండి కలపాలన్నా, జాకెట్టు హుక్కులు పెట్టుకోవాలన్నా ఎడమచెయ్యే దిక్కు. నెల తిరక్కుండానే ఇద్దరూ దొరికారు. బెయిల్ రాలేదు. 2023 చివర్లో తీర్పు వచ్చింది. కత్తి పట్టినవాడికి ఏడేళ్లు, బండి నడిపినవాడికి మూడేళ్లు. నేరం జరిగినప్పుడు కత్తి పట్టినవాడికి పంతొమ్మిదేళ్లు, అంతకుముందు కేసులేవీ లేవు.

ఆ కుర్రాడి తల్లి ఒక హాస్టల్లో వంట చేస్తుంది. ఈమధ్య ఆవిడ ఇంటికొచ్చి గుమ్మంలోనే కూర్చుని ఏడ్చింది. వచ్చే నెలలో కూతురి పెళ్లి. కొడుకుని పదిహేను రోజులు పెరోల్ మీద పంపమని అర్జీ పెట్టుకున్నారు. ‘మీరు అడ్డు చెప్పకుండా ఉంటే చాలమ్మా, రాజీ అని ఒక కాగితం రాసిస్తే కాళ్లు మొక్కుతా’ అందట. రెండు రోజుల తర్వాత స్టేషన్ నుంచి ఎస్ఐ ఫోన్ చేసి, అభ్యంతరం ఉంటే రాసివ్వమన్నాడు.

ఇదిలా ఉండగా కాలనీ సంక్షేమ సంఘం ఎమ్మెల్యేకి ఒక వినతిపత్రం తయారుచేసింది. దోపిడీకి కనీసం పదేళ్ల శిక్ష ఉండాలి, దోపిడీ ఖైదీలకు పెరోల్ గానీ రెమిషన్ (శిక్ష తగ్గింపు) గానీ ఇవ్వకూడదు, బయటికొచ్చిన వాళ్ల మీద పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) పెట్టాలి. మొదటి సంతకం ఆవిడదే కావాలట. సంఘం జాయింట్ సెక్రటరీ ఆవిడ సొంత కొడుకే. ‘చెయ్యి పోగొట్టుకున్న నువ్వే సంతకం పెట్టకపోతే ఇంకెవరు పెడతారమ్మా’ అని కోప్పడుతున్నాడు. భర్త మాత్రం ‘నీ ఇష్టం’ అని పేపరు తిరగేస్తున్నారు.

ఉత్తరం మూడో పేజీలో ఒక మూల ఇలా ఉంది: ‘పోయిన నెల కూరగాయల బండి దగ్గర నా పక్కనే ఒకడు నిలబడి టమాటాలు ఏరుకుంటున్నాడు. చూస్తే ఆ రోజు బండి నడిపినవాడు. నన్ను గుర్తుపట్టలేదు. నేను సంచి అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశాను. వాడు బయటికొచ్చాడని నాకెవ్వరూ చెప్పలేదు. అప్పట్నుంచి గుడికి వెళ్లడం మానేశాను. మా అబ్బాయి వాడి ఫొటో తీసి కాలనీ గ్రూపులో పెడతానంటున్నాడు.’

సంతకం పెట్టాలా, ఎస్ఐకి ఏం చెప్పాలి, ఆ తల్లి మీద జాలిపడితే తాను తెలివితక్కువదాన్నవుతానా అని అడిగారు.

•

మీరు మూలన రాసిన ఆ కొన్ని వాక్యాలు నాకు ఉత్తరం మొత్తంలో ముఖ్యమనిపించాయి. వాటి దగ్గరికి వస్తాను. ముందు ఒక ముడి విప్పాలి. వినతిపత్రం మీద సంతకం పెడితే ఆ అబ్బాయికి శిక్ష పెరుగుతుందేమో, ఆ తల్లి ఉసురు తగులుతుందేమో అని మీకు లోపల దిగులుగా ఉంది. పెరగదు. నేరం జరిగిన రోజున చట్టంలో ఉన్నదానికన్నా ఎక్కువ శిక్ష ఎవరికీ వెయ్యకూడదని రాజ్యాంగం 20వ అధికరణం చెబుతోంది. రేపు దోపిడీకి ఇరవై ఏళ్లని చట్టం చేసినా, 2021లో చేసిన నేరానికి అది వర్తించదు. వినతిపత్రంలో ఇప్పటికిప్పుడు అతణ్ణి తాకగలిగింది పెరోల్ ముక్క ఒక్కటే. ఆ నియమాలు వచ్చే నెల పెళ్లిలోపు మారవు. కాబట్టి సంతకం సంగతీ పెరోల్ సంగతీ మనసులో విడదీసుకోండి. ఒకదానికి ‘అవును’ అంటే రెండోదానికీ అనాలని లేదు, ‘కాదు’ అన్నా అంతే.

ఒకడికి ఏడు, ఒకడికి మూడు ఎందుకన్నది మీ అబ్బాయి కోపంలో పెద్ద భాగమని ఉత్తరం చదివితే తెలుస్తోంది. ‘లాయరు మేనేజ్ చేశాడు’ అంటున్నాడట. అంత దూరం వెళ్లక్కర్లేదు. మీ కేసు పాత ఐపీసీ కింద నడిచింది. దోపిడీకి 392వ సెక్షన్: పదేళ్ల దాకా వెయ్యొచ్చు, రాత్రిపూట హైవే మీదైతే పద్నాలుగేళ్ల దాకా. కనీసం ఇంత అని మాత్రం లేదు. మారణాయుధం వాడితే 397 వస్తుంది, అక్కడ ఏడేళ్లకు తగ్గడానికి వీల్లేదు. అయితే ఆ ఏడేళ్ల లెక్క ఆయుధం వాడిన మనిషికే, పక్కనున్నవాడికి కాదని సుప్రీంకోర్టు 1975 నుంచీ చెబుతూనే ఉంది. అందుకే కత్తి పట్టినవాడికి ఏడు, బండి నడిపినవాడికి మూడు. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో నంబర్లు 309, 311 అయ్యాయి గానీ కట్టుబాటు అదే.

దీనివల్ల ఏమైందో చూడండి. కత్తి పట్టిన పంతొమ్మిదేళ్ల కుర్రాడి విషయంలో జడ్జి చేతులు కట్టేసి ఉన్నాయి. అతనిది మొదటి తప్పైనా, అదే కత్తితో అది పదో దోపిడీ అయినా, కింది హద్దు ఏడేళ్లే. బండి నడిపినవాడి విషయంలో అసలు హద్దే లేదు. నెలలు వేసినా చట్టమే, పదేళ్లు వేసినా చట్టమే. ఏ కోర్టులో ఏ జడ్జి ముందు పడితే అది. శిక్షలు ఎలా లెక్కగట్టాలో మార్గదర్శకాలు కావాలని నేర న్యాయ సంస్కరణల మీద వేసిన మలిమత్ కమిటీ 2003లో అంది. 2008లో మాధవ మీనన్ కమిటీ అంది. అవి లేకపోవడం మన న్యాయవ్యవస్థలో లోటని సుప్రీంకోర్టు కూడా 2013లో అంది. ఇంగ్లండులో దోపిడీకి 2016 నుంచి ఇలాంటి మార్గదర్శకాలు నడుస్తున్నాయి. దెబ్బ ఎంత, ఆయుధం ఏమిటి, బాధితురాలి వయసెంత, నేరంలో ఎవరి పాత్ర ఎంత, పాత కేసులున్నాయా అని మెట్టుమెట్టుగా చూసి జడ్జి అంకె వేస్తాడు, ఎందుకు వేశాడో రాస్తాడు. అలాంటిది మనకుంటే మూడేళ్లు ఎందుకో తీర్పులోనే మీకు కనపడేది. మీ అబ్బాయికి లాయరు మీద అనుమానం వచ్చేది కాదు.

ఇక వినతిపత్రం. నా అభిప్రాయం దాచుకోను: ఇప్పుడున్న రూపంలో అయితే నేను సంతకం పెట్టను. అయినా చెయ్యి తెగింది మీది, నిర్ణయమూ మీదే. పెడితే ఏమవుతుందో, పెట్టకపోతే ఏమవుతుందో చెప్తాను.

‘కనీసం పదేళ్లు’ అన్నది వినడానికి గట్టిగా ఉంటుంది. హర్యానా రాష్ట్రం ఐపీసీని సవరించుకుని గొలుసు లాక్కెళ్లడానికే కనీసం అయిదేళ్లు పెట్టుకుంది. ఆ తర్వాత కేంద్రం తెచ్చిన కొత్త సంహిత అదే స్నాచింగ్‌ని 304వ సెక్షన్‌లో ప్రత్యేక నేరం చేసి, మూడేళ్ల దాకా శిక్ష అని ఊరుకుంది. ఇప్పుడు దోపిడీకి పదేళ్ల కింది హద్దు పెడితే, తోసేసి సెల్‌ఫోన్ లాక్కున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడికీ పదేళ్లే, మీ చెయ్యి కోసినవాడికీ పదేళ్లే. అది మరీ ఎక్కువనిపించిన చోట కేసు మూడేళ్ల సెక్షన్‌లోకి జారిపోతుందని నా భయం. స్నాచింగ్‌కీ దోపిడీకీ మధ్య గీత సన్నం. బెదిరింపు ఉందా లేదా, దెబ్బ తగిలిందా లేదా అన్న దాని మీద సెక్షన్ మారుతుంది. ఎఫ్ఐఆర్ రాసే చోటే ఆ గీత జరుగుతుంది, మీకు తెలియను కూడా తెలియదు.

పైగా ఆ కాగితం సగం చిరునామా తప్పు. శిక్షల చట్టం ఉమ్మడి జాబితాలోది, అంటే కేంద్రమూ రాష్ట్రమూ రెండూ చట్టం చెయ్యగలిగేది. రాష్ట్రం సవరణ చెయ్యాలంటే రాష్ట్రపతి ఆమోదం కావాలి. జైళ్లు మాత్రం పూర్తిగా రాష్ట్రం చేతిలోవి. ఎమ్మెల్యే నిజంగా కదిలించగలిగింది పెరోల్ నియమాలనే. కదిలిస్తే ముందు దెబ్బ తగిలేదీ అక్కడే.

మీ కాలనీలో చాలామంది పెరోల్ అంటే విడుదల అనుకుంటున్నట్టున్నారు. ఇంగ్లిష్ సినిమాల్లో చూసే పెరోల్ వేరు, అక్కడ శిక్షలో కొంత మిగిలుండగానే నిఘా పెట్టి బయటికి వదిలేస్తారు. మన దగ్గర అది సెలవు. ఇంట్లో పెళ్లి, చావు, పెద్ద జబ్బు లాంటి కారణానికి ప్రభుత్వం కొన్నాళ్లు పంపుతుంది, తర్వాత తిరిగి జైలుకే. ఉమ్మడి రాష్ట్రంలో 1981లో చేసిన నియమాల ప్రకారం పెరోల్ అంటే శిక్షను తాత్కాలికంగా నిలిపెయ్యడం. ఆ పదిహేను రోజులు చివర్లో మళ్లీ లోపల గడపాల్సిందే. రెమిషన్ ఇంకోటి. సత్ప్రవర్తనకి, జైల్లో చేసిన పనికి నెలకు కొన్ని రోజుల చొప్పున తగ్గించేది. ప్రభుత్వం ప్రత్యేకంగా జీవో ఇచ్చి విడుదల చేసేది మరొకటి, అందులో ఏయే నేరాలవాళ్లకు వర్తించదో జాబితా ఉంటుంది. మీ వినతిపత్రం ఈ మూడింటినీ ఒకే గాటన కట్టింది.

దోపిడీ ఖైదీలకు సెలవు వద్దనడం కొత్తేమీ కాదు. మహారాష్ట్రలో 1959 నాటి నియమాలు 392 నుంచి 402 దాకా సెక్షన్ల కింద శిక్ష పడినవాళ్లకు ఫర్లో అనే జైలు సెలవు లేదన్నాయి. దానివల్ల ఎవరికి మేలు? మీ కేసులో అబ్బాయి 2029 మొదట్లో, రెమిషన్ కలిస్తే ఇంకా ముందే, ఎటూ బయటికొస్తాడు. శిక్ష పూర్తయి వచ్చినవాడి మీద మామూలుగా ఏ షరతులూ ఉండవు. పెరోల్ మీద వచ్చినవాడు ఫలానా ఇంట్లోనే ఉండాలి, స్టేషన్‌లో కనపడాలి, పూచీకత్తు ఇవ్వాలి, చెప్పిన రోజుకి తిరిగి వెళ్లాలి. ఒక్కటి తప్పినా మళ్లీ పెరోల్ దొరకడం కష్టం. ఏళ్ల తరబడి లోపలుంచి ఒక్కసారిగా రోడ్డు మీద వదలడం కన్నా, మధ్యలో ఇలా రెండు మూడుసార్లు పంపి చూడటమే కాలనీకి క్షేమమని నేననుకుంటాను. పారిపోయినవాళ్లూ ఉన్నారు, కాదనను. అందుకే ఎవరికివ్వాలో మనిషిని బట్టి చూడాలి. సెక్షన్ నంబరు చూసి తలుపు మూసేస్తే ఆ చూడటమే ఉండదు.

పీడీ యాక్ట్ గురించి ఒక్క మాట. 1986 నాటి ఆ చట్టం కింద విచారణ లేకుండా పన్నెండు నెలల దాకా లోపల పెట్టొచ్చు. చోరీ కేసుల్లో రాచకొండ పోలీసు కమిషనరేట్ పరిధిలో పెట్టిన అలాంటి ఉత్తర్వునే 2024 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ‘ప్రతివాడి మీదా పెట్టండి’ అని రాస్తే ఆ కాగితానికి విలువ తగ్గుతుందంతే.

మీకు నచ్చితే మధ్య దారి ఒకటుంది. ‘నా పేరు వాడుకోవాలంటే నా మాటలు రాయండి’ అని మీ అబ్బాయితో అనండి. ఏమి రాయించాలో మీ ఉత్తరంలోనే ఉంది: వాడు బయటికొచ్చాడని నాకెవ్వరూ చెప్పలేదు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లో బాధితులకు చెప్పాలని బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నేర విచారణ చట్టం) రాసింది. దోషి బయటికొస్తున్నప్పుడు చెప్పాలని మాత్రం రాయలేదు. పెరోల్‌కి ముందు, విడుదలకి ముందు బాధితులకు ఫోన్ చేసి చెప్పాలి, వాళ్ల మాట రాసుకోవాలి, బాధితుల ఇంటి చుట్టుపక్కలకి రాకూడదన్న షరతు పెట్టాలి. ఇవన్నీ జైళ్లకి, పెరోల్‌కి సంబంధించినవి కాబట్టి రాష్ట్రం తలుచుకుంటే చెయ్యగలిగినవే. వీటికి తోడు శిక్షల మార్గదర్శకాలు కావాలని కేంద్రానికి ఇంకో కాగితం పంపించండి. మీ అబ్బాయికి మొదట్లో చప్పగా అనిపించొచ్చు. సంఘంలో కొందరు ‘ఆంటీ భయపడింది’ అంటారు, అననివ్వండి. అసలు కాగితం మీదే సంతకం పెట్టినా మీరు చెడ్డవారైపోరు. కాకపోతే రేపు టీవీవాళ్లు మైకు పట్టుకొస్తే మీ పేరు మీద నడిచేది ఆ మూడు డిమాండ్లే అవుతాయి, వాటికి జవాబు మీరే చెప్పుకోవాలి.

ఎస్ఐకి ఏం చెప్పాలన్నది మిగిలింది. అభ్యంతరం ఉందని రాసిస్తే, అది మీ హక్కు. ఎవరూ తప్పుపట్టలేరు. పోలీసులు అదే నివేదికలో పంపుతారు, అర్జీ తిరస్కరించే అవకాశం పెరుగుతుంది. అలాగని మీ మాటే చివరి మాట కాదు. నేరం పెద్దదన్న ఒక్క కారణంతో పెరోల్ నిరాకరించకూడదని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది కాబట్టి, వాళ్లు హైకోర్టుకి వెళ్లొచ్చు. పెళ్లిళ్లకీ అంత్యక్రియలకీ పోలీసు ఎస్కార్ట్‌తో పంపమని కోర్టులు చెప్పిన సందర్భాలున్నాయి. అభ్యంతరం లేదని రాసిస్తే, పెరోల్ వస్తే ఆ పదిహేను రోజులూ మీకు నిద్ర ఉండదేమో, అది ముందే ఆలోచించుకోండి. మూడో పద్ధతి, ‘ఇవ్వాలా వద్దా అన్నది ప్రభుత్వం ఇష్టం, ఇస్తే మాత్రం ఈ షరతులు పెట్టండి’ అని రాసివ్వడం: మా కాలనీ వీధుల్లోకి రాకూడదు, రోజూ స్టేషన్‌లో సంతకం చెయ్యాలి, వచ్చే తేదీ, తిరిగి వెళ్లే తేదీ నాకు ముందుగా చెప్పాలి, నాతో గానీ మా ఇంట్లోవాళ్లతో గానీ మాట్లాడే ప్రయత్నం చెయ్యకూడదు. మీరు రాసిందాన్ని బట్టి మీ మనసు ఈ మూడో దాని దగ్గరే ఉందనిపించింది. ఏది రాసినా స్టేషన్‌కి మీ వారిని తోడు తీసుకెళ్లి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. పేపరు కాసేపు పక్కన పెట్టమనండి.

ఆ తల్లికి మాత్రం ఏ కాగితమూ ఇవ్వకండి. దోపిడీ రాజీ పడే నేరం కాదు, పైగా శిక్ష కూడా పడింది. మీరు స్టాంపు పేపరు మీద రాసిచ్చినా కేసు చెదరదు. కానీ ఆ కాగితం ఎన్ని చేతులు మారుతుందో, ఎక్కడ తేలుతుందో తెలియదు. ‘చెప్పాల్సింది పోలీసులకి చెప్పానమ్మా’ అని ఒక్కసారి చెప్పండి చాలు. లాయరు దొరకడం లేదని ఏడిస్తే, జైల్లో ఉన్నవాళ్లకి ఉచితంగా లాయర్ని ఇచ్చే బాధ్యత న్యాయ సేవాధికార సంస్థదని, 15100కి ఫోన్ చెయ్యమని చెప్పండి. అంతకుమించి ఆ ఇంటి బరువు మీరు మొయ్యక్కర్లేదు. ఆవిడ మీద మీకు జాలి కలిగిందా, కలగనివ్వండి. కొడుకు చేసిన పనికి చర్లపల్లి ములాఖత్ క్యూలో ఆవిడ నిలబడుతోంది. అది చూసి మనసు కరిగితే తెలివితక్కువతనం కాదు. ఆ జాలి పేరు చెప్పి మీ భయాన్ని తక్కువ చేసుకోకండి, అంతే.

బండి నడిపినవాడి దగ్గరికి వద్దాం. రిమాండులో ఉన్న రోజులు కూడా కలుపుకుని అతని మూడేళ్లు పూర్తయ్యాయి. ఇప్పుడు అతనికి టమాటాలు కొనుక్కునే హక్కుంది, మీకు భయం లేకుండా వీధిలో నడిచే హక్కుంది. మీ అబ్బాయి అతని ఫొటో గ్రూపులో పెడితే ఈ రెండూ పోతాయి. ఎవడో ఒకడు చెయ్యి చేసుకుంటాడు, కేసు మీ అబ్బాయి మీదకొస్తుంది, అప్పటిదాకా మిమ్మల్ని గుర్తుపట్టనివాడికి మీ ఇల్లు తెలిసిపోతుంది. ఇది మాత్రం సలహా అనుకోకండి, ఫోన్ లాక్కునైనా ఆపండి. అతను వెంటపడినా, మాటలన్నా 100కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యండి. అతను ఎక్కడుంటున్నాడో, ఏం చేస్తున్నాడో ఎస్ఐని అడగండి. స్టేషన్‌కి తెలియని సంగతి కాదు. మీ వీధికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉంటున్నాడో, పక్క సందులోనే ఉన్నాడో తెలియకపోవడమే మిమ్మల్ని ఎక్కువ పీడిస్తున్నట్టుంది. గుడికి మానెయ్యడం, నిద్ర పట్టకపోవడం నెల దాటింది కాబట్టి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్‌కి, 14416 నంబరుకి ఒకసారి ఫోన్ చెయ్యండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

చివరగా మీరు అడగని విషయం ఒకటి. ఆపరేషన్‌కి ఎంతైందో రాశారు గానీ, నష్టపరిహారం మాటే ఎత్తలేదు. దోషి దగ్గర్నుంచి రాకపోయినా ప్రభుత్వ నిధి నుంచి బాధితులకు పరిహారం ఇచ్చే పద్ధతి పాత సీఆర్‌పీసీ 357ఏ కింద ఉంది, ఇప్పుడు అది బీఎన్ఎస్ఎస్ 396. వేళ్లు పనిచెయ్యకపోవడం అందులో లెక్కకొచ్చే నష్టమే. ఆలస్యమైందని మీ అంతట మీరు మానుకోకండి. ఎందుకు ఆలస్యమైందో రాసి అడగండి. తీర్పు కాపీ, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, బిల్లులు, చెయ్యి ప్రస్తుత పరిస్థితి మీద డాక్టరు సర్టిఫికెట్ తీసుకుని మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళ కాబట్టి ఆదాయంతో పని లేకుండా మీకూ లాయర్ని ఉచితంగానే ఇస్తారు. వినతిపత్రం పట్టుకుని తిరగడానికి ఓపికున్న మీ అబ్బాయిని ఈ పని మీద కూడా తిప్పండి.